నాదన్నవాళ్ళ ఎద్దు

నేను ఒక కొయ్య ఎద్దుని. జానెడు పొడవు, అందులో సగం ఎత్తు. ఒళ్ళు పసుపు, కొమ్ములు ఎరుపు, కాళ్ళకి బదులు నాలుగు చక్రాలు. పొలం మొహం నేనెప్పుడూ చూడలేదు. బండి లాగలేదు, గడ్డి మేయలేదు. నా వయసంతా ఐదు దేశాల్లో ఒక కంప్యూటర్ కంపెనీ ఆఫీసుల్లో, బల్లల మీద కూర్చునే గడిచిపోయింది. ఆ బల్లల ముందు కూర్చునే మనుషుల్లో చాలామంది నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. కొద్దిమంది మాత్రం నలుగురిలో నోరు తెరిచి నన్ను అడిగి తీసుకున్నారు.

విశాఖ దగ్గర ఏటికొప్పాకలో పుట్టాను. నన్ను చేసినాయన పేరు నూకరాజు. అంకుడు కర్ర ముక్కని మిషనుకి బిగించి, అది గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి నా పొట్ట గుండ్రంగా తీశాడు. రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే వేడికి అది కరిగి ఒంటికి పట్టుకుంది. చివర్న మొగలి ఆకుతో రుద్దాడు. అప్పుడొచ్చిన మెరుపు ఇప్పటికీ పోలేదు. పక్కనే కూర్చుని చక్రాలకి పుల్లలు దూరుస్తున్న ఆయన భార్య నన్ను ఎత్తి చూసి పెదవి విరిచింది.

"ఏటయ్యా ఇది, మొహం ఇలగొచ్చింది? తప్పు సేసి దొరికిపోయినట్టుంది."

"ఉండనీయే. ఎద్దు మొహం ఎవడు సూస్తాడు? రంగు సూస్తారు."

ఆవిడ చూపు తప్పు కాదు. నా కళ్ళు కొంచెం కిందికి వాలి ఉంటాయి. ఆ మొహమే నన్ను అంత దూరం నడిపించిందని నా అనుమానం.

చక్రపాణి అనే ఇంజనీరు నన్ను కొన్నాడు. హైదరాబాద్ ఆఫీసు నుంచి డబ్లిన్ ఆఫీసుకి ఆర్నెల్ల పనికి పోతున్నాడు. ఆ కంపెనీలో ఒక ఊరివాళ్ళు ఇంకో ఊరి ఆఫీసుకి వెళ్ళేటప్పుడు ఏదో ఒకటి పట్టుకెళ్ళడం అలవాటు. సింగపూర్ వాళ్ళు బిస్కట్లు తెస్తారు, పోలండ్ వాళ్ళు చాక్లెట్లు తెస్తారు, హైదరాబాద్ వాళ్ళు మిఠాయి తెస్తారు. చక్రపాణి కాస్త వేరుగా ఉందామని నన్ను తెచ్చి, డబ్లిన్‌లో తన పై అధికారి ఓర్లా అనే ఆమెకి ఇచ్చాడు.

ఆ ఆఫీసుల గురించి ఒక మాట చెప్పాలి. ఏ దేశంలో ఉన్నా తివాచీ ఒకటే, కుర్చీలు ఒకటే, వంటగదిలో కాఫీ మిషను ఒకటే. మీటింగు గదులకి పర్వతాల పేర్లు. "ఎవరెస్టులో ఎవరో ఉన్నారు, కిలిమంజారో ఖాళీగా ఉందేమో చూడు" అని ప్రపంచమంతా ఒకే మాట వినపడుతుంది. తేడా తెలియాలంటే వంటగది సింకు చూడాలి. డబ్లిన్‌లో తాగిన కప్పు ఎవరిది వారు కడుగుతారు, కాని సబ్బు నురుగు పోయేదాకా కడగరు. సింగపూర్‌లో కడిగి, తుడిచి, బోర్లిస్తారు. పోలండ్‌లో క్రాకోవ్ ఆఫీసులో కప్పు మీద పేరు రాసుకుని బీరువాలో దాచుకుంటారు. హైదరాబాద్‌లో కప్పు సింకులో పెట్టి వెళ్ళిపోతారు. అది మళ్ళీ శుభ్రంగా అల్మారాలోకి ఎలా వస్తుందో తెలుసుకోవాలని ఎవరికీ అనిపించదు.

ఒకరోజు ఓర్లా పొరపాటున సింగపూర్ ఆఫీసు వాళ్ళ ఫోను నంబర్లన్నీ చెరిపేసింది. పనంతా సర్దుకున్నాక నీరసంగా కూర్చుని, నన్ను చూపించి, మీ ఊళ్ళో ఎద్దు తప్పు చేస్తే ఏం చేస్తారని చక్రపాణిని అడిగింది. అతను తన తాత చెప్పిన బందెలదొడ్డి సంగతి చెప్పాడు. కట్టు తెంపుకుని ఎవరి చేలోనో పడ్డ గొడ్డుని తోలుకొచ్చి ఆ దొడ్డిలో కడతారు. గొడ్డు ఎవరిదో ఊరందరికీ తెలుసు. అయినా ఎవరూ పేరు చెప్పరు. ఆసామి తనంతట తాను వచ్చి, నలుగురి ముందు 'ఇది నాదే' అంటేనే విడుస్తారు.

ఓర్లాకి ఆ పద్ధతి నచ్చింది. ఆ శుక్రవారం, వారానికోసారి అన్ని ఊళ్ళ ఆఫీసులూ తెర మీద కలిసే సమావేశంలో, నన్ను ఎత్తి పట్టుకుని "ఎద్దు నాది" అంది. ఏం చేసిందీ దాచకుండా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పట్నుంచి అదే ఆచారం. తప్పు చేసినవాళ్ళు ఆ సమావేశంలో తామే అడిగి నన్ను తీసుకోవాలి. ఇంకొకరు తమ తప్పు ఒప్పుకునేదాకా నేను వాళ్ళ బల్ల మీద ఉంటాను. ఒకరు ఇంకొకరికి నన్ను అంటగట్టడానికి వీల్లేదు. నేను ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరివాళ్ళే అడగాలి, పని మీద వెళ్ళేవాళ్ళ వెంట ఊళ్ళు మారతాను.

డబ్లిన్‌లో మనుషులు నన్ను సరదాగా, కొంచెం గర్వంగా కూడా అడిగేవారు. సింగపూర్‌లో ముందు క్షమాపణ ఉత్తరం రాసి, తరవాత అడిగేవారు. క్రాకోవ్‌లో ఒకతను నన్ను అడిగి తీసుకుని, అదే నెలలో హైదరాబాద్‌కి పని మీద వస్తూ వెంట తెచ్చి, వెళ్ళేటప్పుడు మర్చిపోయి వెళ్ళాడు. అలా రాయదుర్గంలో ఒక అద్దాల మేడ తొమ్మిదో అంతస్తులో, కిలిమంజారో గది అరలో, ఆటల పోటీల్లో గెలిచిన ప్లాస్టిక్ కప్పుల పక్కన చేరాను. అక్కడ పద్నాలుగు నెలలు ఉన్నాను.

ఆ పద్నాలుగు నెలల్లో హైదరాబాద్‌లో తప్పులు జరగలేదని కాదు. ఆ గదిలోనే కూర్చుని వాటిని సర్దేవారు, నేను వినేదాన్ని. కాని ఇక్కడ ఏడాదికి ఒకసారి ప్రతి మనిషికీ మార్కులు వేస్తారు, ఎద్దు ఎవరి బల్ల మీద ఉందో ఆ మార్కులు వేసేవాళ్ళకి గుర్తుంటుంది. అందుకని సమావేశంలో ఓర్లా "హైదరాబాద్, ఎద్దు ఎలా ఉంది?" అని అడిగినప్పుడల్లా, జట్టు పెద్ద ఫణీంద్ర నవ్వి "విశ్రాంతి తీసుకుంటోంది" అనేవాడు.

నన్ను రోజూ తుడిచేది ఆ అంతస్తు శుభ్రం చేసే అంజమ్మ ఒక్కతే. సింకులో కప్పులు అల్మారాలోకి చేరేది కూడా ఆమె చేతి మీదుగానే. ఒకసారి బట్టతో నా కొమ్ములు తుడుస్తూ గదిలో ఉన్న ప్రసూనని అడిగింది.

"గీ ఎద్దు ఎవలది మేడం? ఎవ్వలు ముడ్తలేరు."

"ఎవరిదీ కాదు అంజమ్మా."

"గట్లెట్లుంటది? ఎద్దన్నంక ఎవలదో ఒకలది ఉంటది గద."

ప్రసూన నవ్వి ఊరుకుంది. ఆమెకి ముప్పై నాలుగేళ్ళు. పాత కంప్యూటర్లూ, వాటిలో ఎప్పుడో రాసి వదిలేసిన ప్రోగ్రాములూ శుభ్రం చేయడం ఆమె పని. ఇల్లు సర్దినట్టే చేసేది. ఏదీ ఊరికే పారేయదు, ఏదీ ఊరికే ఉంచదు. భర్త కిశోర్‌ది అదే కంపెనీ. ఏడాది కిందట అతన్ని డబ్లిన్‌కి బదిలీ చేశారు. ప్రసూన అయిదేళ్ళ కూతురు చిన్మయితో ఇక్కడ ఉండిపోయింది. ఆమెనీ అక్కడికి పంపే బదిలీ కాగితం మీద ఫణీంద్ర సంతకం పెట్టి ఫిబ్రవరిలో ఒక సోమవారం పైకి పంపాలి. డబ్లిన్‌లో చిన్మయికి బళ్ళో సీటు కూడా మాట్లాడి పెట్టారు. ఎర్రటి ఉన్ని కోటు కొన్నారు. ఆ పిల్ల ఫిబ్రవరి ఎండలో దాన్ని తొడుక్కుని తిరుగుతోందని ప్రసూన ఆ గదిలోనే ఎవరికో చెప్పి నవ్వడం విన్నాను.

ఆ ఫిబ్రవరిలోనే జరిగింది.

హైదరాబాద్‌లో ఒక పాత కంప్యూటరులో పదేళ్ళుగా గంటకోసారి తనంతట తాను లేచి ఏదో చేసి పడుకునే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంది. రాసినతను ఎప్పుడో కంపెనీ వదిలేశాడు. అది ఎందుకో ఎవరికీ తెలియదు. ప్రసూన అన్ని ఆఫీసులకీ మెయిల్ పెట్టింది. దీన్ని ఎవరైనా వాడుతున్నారా, రెండు వారాల్లో ఎవరూ చెప్పకపోతే శుక్రవారం సాయంత్రం ఆపేస్తాను అని. ఆ కంపెనీలో అందరూ చేసేది అదే. పలకకపోతే ఒప్పుకున్నట్టే. ఎవరూ పలకలేదు. ఆపేసింది.

అది బ్రెజిల్‌లో సావో పౌలో ఆఫీసు తలుపులకి సంబంధించినది. ఆఫీసులోకి ఎవరిని రానివ్వాలో ఆ పేర్ల జాబితాని గంటగంటకీ తలుపులకి అందించేది అదే. ఆ సంగతి తెలిసిన ఏకైక మనిషి లూసియానా. ఆమె ఆ రెండు వారాలూ సెలవులో ఉంది. వెనకే కార్నివాల్ పండగ వచ్చి ఆఫీసుకి ఆఫీసే మూతపడింది. ఉగాదికి మన దగ్గర ఎవరైనా మెయిళ్ళు చూస్తారా? కాని వేరే దేశం వాళ్ళ పండగ ఎప్పుడో గోడ మీది క్యాలెండరులో ఉండదు. అది చూసుకోవాలన్న ఆలోచన ప్రసూనకి రాలేదు.

పండగ అయిపోయిన గురువారం, అక్కడ పొద్దున్న ఎనిమిది, ఇక్కడ సాయంత్రం నాలుగున్నర. అక్కడ రెండువందల మంది కార్డులు పట్టుకుని తలుపుల ముందు నిలబడ్డారు. జోరున వాన. తలుపులు ఒక్కరినీ గుర్తుపట్టలేదు. కాపలాదారు వాల్దీర్, అరవై దగ్గరపడ్డ మనిషి, తడుస్తున్న వాళ్ళని చూడలేక, మంటలొస్తే లాగే ఎర్రమీట లాగాడు. తలుపులు తెరుచుకున్నాయి. దానితోపాటు పద్దెనిమిది అంతస్తుల్లో గంటలు మోగి, మిగతా కంపెనీల వాళ్ళందరూ మెట్లు దిగి వానలోకి వచ్చారు. ఆ రెండువందల మందికి గొడుగు పడితే ఇంకో వెయ్యిమంది తడిసిన లెక్క.

తప్పు ఎక్కడుందో ప్రసూన గంటలో కనిపెట్టి ఆ ప్రోగ్రాంని మళ్ళీ లేపింది. తరవాత కిలిమంజారో గదిలో ఫణీంద్ర ఎదురుగా కూర్చుంది.

"ఫణీంద్రగారూ, ఆపింది నేనే. రిపోర్టు నేను రాస్తాను."

"రాయి. కాని ఏం రాస్తావో ఆలోచించు. మెయిల్ పెట్టావు, రెండు వారాలు గడువిచ్చావు. ఇంకేం చేయాలి? ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి చెప్పి రావాలా?"

"పండగ చూసుకోవాల్సింది."

"చూడు, ఆ తలుపుల పరికరం పాతది. వేరే కంపెనీ వాళ్ళది. 'పరికరం పనిచేయలేదు' అని రాద్దాం. అబద్ధం కాదుగా."

"నిజం కూడా కాదండి."

ఫణీంద్ర చెడ్డవాడు కాదు. ఆమె పని మీద అతనికి గౌరవం ఉంది. గొంతు తగ్గించి అన్నాడు: "నీ కాగితం సోమవారం పంపాలి. పైనవాళ్ళు ముందు అడిగేదే ఇది, ఈ ఏడాది ఏమైనా మచ్చ ఉందా అని. పిల్ల బడి సంగతి నువ్వే చెప్పావు. రెండు రోజులు నోరు మూసుకోమంటున్నాను, అంతే."

అంత సౌమ్యంగా చెబితే కాదనడం ఎవరికైనా కష్టం. ప్రసూన సరే అనలేదు, కాదనలేదు. ఫణీంద్ర పరికరం మాటే పెట్టి తనే నాలుగు వాక్యాలు రాసి పంపేశాడు.

మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకి లూసియానా తెర మీదికి వచ్చింది. అక్కడ ఇంకా పొద్దున్న ఏడే. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మీ రిపోర్టు చదివాను. తలుపుల కంపెనీకి పంపితే, వాళ్ళు పరికరం అంతవరకూ బాగానే ఉందని, మీట లాగడం వల్లే పాడైందని బదులిచ్చారు. భవనం వాళ్ళు వాల్దీర్‌ని సాయంత్రానికి తీసేస్తామంటున్నారు. ఆయన్ని నేను పదకొండేళ్ళుగా చూస్తున్నాను. పరికరం తప్పేనని మీకు నమ్మకమేనా?"

"నేను మళ్ళీ మాట్లాడతాను" అంది ప్రసూన.

తెర ఆరిపోయాక లేచి గది తలుపు వేసింది. తరవాత ఫోనులో కిశోర్‌కి చేసింది. గదిలో ఎవరూ లేరు కదా అని స్పీకరు పెట్టింది. నన్ను ఎవరూ మనిషి కింద లెక్కవేయరు, అది నాకు అలవాటే. ఆమె జరిగిందంతా చెప్పింది. అతను మధ్యలో అడ్డురాలేదు.

"చెప్పకపోతే ఏమవుతుంది?" అన్నాడు.

"ఆయన ఉద్యోగం పోతుంది."

"చెబితే?"

"మనది ఆగుతుంది."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు కిశోర్. అసలు వస్తుందో రాదో కూడా."

అవతల ఎవరో పక్కనుంచి పలకరిస్తే అతను ఇంగ్లీషులో ఏదో జవాబిచ్చాడు. మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చి, "చిన్మయికి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?" అన్నాడు.

"నేనే చెప్తాలే."

"కోటు సంగతి అడుగుతుంది."

"అడగనీ."

ఐదింటికి సమావేశం మొదలైంది. అది విచిత్రమైన గంట. డబ్లిన్ వాళ్ళు మధ్యాహ్నం భోజనం గురించి ఆలోచిస్తుంటారు, సింగపూర్ వాళ్ళు అన్నం ముందు కూర్చుని ఉంటారు, టొరంటో పెద్దాఫీసు వాళ్ళు ఇంకా మొహం కడుక్కోరు. తెర మీద గళ్ళు గళ్ళుగా అన్ని మొహాలూ. ఫణీంద్ర గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. "సావో పౌలోలో తలుపుల పరికరం సరిగా..."

ప్రసూన లేచింది. అర దగ్గరికి వచ్చి, ప్లాస్టిక్ కప్పుల మధ్యనుంచి నన్ను తీసింది. నన్ను కెమెరా ముందు బల్ల మీద పెట్టింది.

"ఎద్దు నాది."

డబ్లిన్ వాళ్ళు అలవాటు కొద్దీ చప్పట్లు మొదలుపెట్టి, కిలిమంజారో గదిలో కూర్చున్న మొహాలు చూసి ఆపేశారు. ఫణీంద్ర తన కాగితం బోర్లా పెట్టాడు. ప్రసూన చెప్పడానికి ఏడు నిమిషాలు పట్టింది. ఆపింది తానేనని, పరికరం తప్పేం లేదని, వాల్దీర్ మీట లాగకపోతే జనం వానలో అలాగే ఉండేవారని చెప్పింది. పండగ సంగతి కూడా చెప్పింది. ఫణీంద్ర పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను కాచుకుని చూశాను.

లూసియానా ఒక్కటే అడిగింది. "ఇదంతా రాసి సంతకం పెట్టి పంపగలవా? ఇప్పుడే?"

"ఇప్పుడే పంపుతున్నాను."

వాల్దీర్‌ని తీసేయలేదు. భవనం వాళ్ళు పంతం కొద్దీ ఆయన్ని ముందు ద్వారం నుంచి వెనక సరుకుల గేటుకి మార్చారు. మనుషులు తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా కొంత మిగుల్చుకుంటారు.

ఫణీంద్ర ప్రసూనతో మునుపటిలాగే మాట్లాడాడు. కాకపోతే సోమవారం ఆమె కాగితం పైకి పోలేదు. ఆర్నెల్ల తరవాత చూద్దామన్నాడు. ఆర్నెల్లు కాకముందే డబ్లిన్‌లో ఆ ఖాళీలు మూసేశారు. జులైలో కిశోరే తిరిగి వచ్చేశాడు. ఏడో అంతస్తులో, వెనక గోడ పక్కన, అతనికి ఒక కుర్చీ దొరికింది. అక్కడ చేసిన పనికంటే చిన్న పని. దాని గురించి అతను నా ముందు ఎప్పుడూ మాట్లాడలేదు కనక నాకు తెలిసిందింతే. చలికాలం వచ్చేసరికి కోటు చేతులు చిన్మయికి పొట్టివైపోయాయని, అంజమ్మ మనవరాలికి ఇచ్చేశానని ప్రసూన ఫోనులో ఎవరికో చెప్పింది.

నేను ప్రసూన బల్ల మీద పదకొండు నెలలున్నాను. మొదటిరోజు అంజమ్మ నన్ను తుడుస్తూ, "గిప్పుడు తెల్సింది ఎవలదో" అని ఊరుకుంది. ఆ అంతస్తు మనుషులు కొందరు నా దగ్గర ఆగేవారు. ఒకరిద్దరు చక్రాలు వేలితో తిప్పి, ఏదో అనబోయి, కాఫీకి వెళ్ళిపోయేవారు. ఆ ఏడాది మార్కుల్లో ప్రసూనకి ఒక మెట్టు తగ్గింది. ఆమె ఆ కాగితం చదివి, మడిచి, సొరుగులో పెట్టి, పాత ప్రోగ్రాముల పట్టిక తీసి పనిలో పడింది. ఆ పట్టిక పక్కన ఇప్పుడు కొత్తగా పన్నెండు దేశాల పండగల పట్టిక కూడా ఉంది.

ఇంతలో ఈ కథ ఎలాగో టొరంటో పెద్దాఫీసులో పత్రిక నడిపేవాళ్ళ చెవిన పడింది. వాళ్ళు దాన్ని కంపెనీ పత్రికలో వేశారు. నిజాయితీ మన సంప్రదాయం అని శీర్షిక పెట్టారు. ఇంత విలువైన వస్తువు ఎవరి బల్ల మీదో ఉండడమేమిటని నన్ను పంపమన్నారు. ప్రసూన నన్ను పాత చున్నీలో చుట్టి, పెట్టెలో పెట్టి, పైన చిరునామా రాసింది.

ఇప్పుడు టొరంటోలో మెట్ల పక్కన అద్దాల పెట్టెలో ఉన్నాను. పైనుంచి దీపం. కింద అట్ట మీద డబ్లిన్, సింగపూర్, క్రాకోవ్, హైదరాబాద్ పేర్లు అచ్చేసి, నన్ను దక్షిణ భారత జానపద ఆవు అని రాశారు. మనుషుల పేర్లు ఒక్కటీ లేవు. కొత్తగా చేరినవాళ్ళని తీసుకొచ్చి చూపిస్తారు, వాళ్ళు ఫొటోలు తీసుకుంటారు. శుక్రవారం సమావేశం ఇప్పటికీ జరుగుతుంది. ఎద్దు ఎవరిది అని అందులో ఇప్పుడెవరూ అడగరు. పెట్టెకి తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలుసుకోవాలంటే ముందు అర్జీ పెట్టాలి.

రెండేళ్ళ తరవాత ప్రసూన రెండు వారాల పని మీద ఇక్కడికి వచ్చింది. మొదటి శుక్రవారం పొద్దున్నే, సమావేశానికి వెళ్తూ నా ముందు ఆగింది. చెవుల దగ్గర రెండు మూడు తెల్లవెంట్రుకలు వచ్చాయి. అట్ట చదివి, ఆవు అన్న మాట దగ్గర కొంచెం నవ్వింది. ఆమె పక్కన గడ్డం నెరిసిన మనిషి ఒకడు కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మెడలో కార్డు మీద థామస్ అని ఉంది.

"ఈ ఆచారం నిజంగా ఉండేదా, లేక ఊరికే కథా?" అని అడిగాడు.

"ఉండేది. ఇది నా బల్ల మీద పదకొండు నెలలుంది."

అతను ఆమెని, నన్ను మార్చి మార్చి చూశాడు. కప్పు రెండు చేతుల్లోకి మార్చుకున్నాడు. "చెప్పాక మీకు ఏమైంది?"

"అనుకున్నదేదీ జరగలేదు" అంది ప్రసూన. "ఒకాయన ఉద్యోగం మాత్రం ఉంది" అంది.

థామస్ మెట్లవైపు చూసి, ఎవరూ రావడం లేదని రూఢి చేసుకుని, "సోమవారం నేనొకటి చేశాను" అన్నాడు. "దానికి ఇంకొకతను సంజాయిషీ రాస్తున్నాడు."

ప్రసూన చేతి గడియారం చూసుకుంది. "మీటింగుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. కూర్చుందాం రండి."

ఎదురుగా గోడవార బెంచీ ఉంది. ఇద్దరూ అక్కడ కూర్చున్నారు. అంత దూరానికి అద్దంలోంచి మాట వినపడదు. థామస్ పెదవులు కదలడం, ఆమె తల ఊపడం కనిపించాయి. మధ్యలో అతను కప్పు నేల మీద పెట్టేశాడు. చివర్న లేచి, మెట్లెక్కకుండా, శుక్రవారం సమావేశానికి అందరూ చేరే పెద్ద గది వైపు నడిచాడు. ప్రసూన ఆ కప్పు తీసుకెళ్ళి ఎదురుగా కనిపించే వంటగదిలో కడిగి, నురుగంతా పోయేదాకా కడిగి, బోర్లించి వెళ్ళింది.

నా వైపు ఇద్దరిలో ఎవరూ చూడలేదు.